బోర్డు తిప్పేశారట

జూన్ 2, సోమవారం

తాళంచెవి తాళంలోనే విరిగింది. సగం నా చేతిలో ఉంది, సగం బోర్డులో ఉంది.

గేటు బయటి నోటీసు బోర్డు సంగతి ఇది. అద్దం తలుపు వెనక పోయినేడు పెట్టిన కాగితం ఇంకా అలాగే ఉంది. కుట్టు శిక్షణ కేంద్రం, అడ్మిషన్లు ముగిశాయి. దాన్ని తీసి ఈ ఏడాది కాగితం పెడదామని పొద్దున్నే వెళ్ళాను. తాళం కదల్లేదు. మిషను నూనె పోశాను. కాసేపాగి మళ్ళీ తిప్పాను. టప్పుమంది.

తాళం తుప్పు. తలుపు బందులు తుప్పు. స్క్రూల తలలు గోటితో గీరితే పొడిగా రాలుతున్నాయి. బందుల నుంచి తుప్పునీళ్ళు కారి అద్దం మీద చారలు కట్టాయి. లోపల కాగితానికి గుచ్చిన పిన్నుల చుట్టూ కూడా అవే మరకలు. ఈ బోర్డు పెట్టి రెండేళ్ళు కాలేదు. సముద్రం నాలుగు వీధుల అవతల ఉంది, ఉప్పుగాలి నేరుగా దీని మొహాన కొడుతుంది, పైగా వాన. ఇలాంటి చోటికి బాబాయి తెచ్చింది ఇంట్లో అలమారాకి వేసే సామాను. పైన మెరుగుపూత, లోపల ఇనుము. అప్పుడే చెప్పాను, వింటేగా. సెంటరు పిన్నిది, స్టోర్సూ బిల్డింగూ చూసుకునేది నేను, కానీ కొనడం మాత్రం బాబాయి హక్కు. డిస్కౌంట్ అన్న మాట చెవిన పడితే ఆయనకి ఇంక వేరే మాట వినిపించదు.

వెళ్ళి బాబాయికి విరిగిన ముక్క చూపించాను. రెండేళ్ళు వచ్చింది కదమ్మాయ్, ఇంకేం కావాలి అన్నాడు.

జూన్ 3, మంగళవారం

కొత్త కాగితం అద్దం మీద పైనుంచే అంటించాను. రాత్రి గాలికి పోయింది. ఎదురింటి గోడ మీద ఉంది.

జూన్ 5, గురువారం

ఇవాళ ఒకావిడ బోర్డు ముందు నిలబడి, రెండుసార్లు చదువుకుని, వెనక్కి తిరగడం కిటికీలోంచి చూశాను. నేను చెప్పులేసుకుని పరిగెత్తేసరికి బస్సెక్కేసింది.

మా సెంటరుకి ఎవరూ ఫోనులో చూసి రారు. బస్టాపు నుంచి గార్మెంట్ ఫ్యాక్టరీ దాకా ఈ వీధినే నడుస్తారు. పని దొరకనివాళ్ళు మొహం వేలాడేసుకుని తిరిగొస్తూ మా బోర్డు చూస్తారు. ఆర్నెల్లు నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకెళ్తే అదే ఫ్యాక్టరీ పిలిచి పనిస్తుంది. అలా వచ్చినవాళ్ళతోనే పిన్ని ఇన్నేళ్ళూ నడిపింది. ఇప్పుడు మా బోర్డే మా గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళని వెళ్ళగొడుతోంది.

అదీ ఏ ఏడాది? కొత్త రూలొచ్చిన ఏడాది. ఇన్‌స్పెక్షన్ రోజున క్లాసులో ముప్ఫై మంది ఉండాలి. ఒక్కరు తగ్గినా గుర్తింపు రద్దు. గుర్తింపు పోతే పిన్ని ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదు, ఫ్యాక్టరీ తీసుకోదు, సెంటరు మూతే. చేరడానికి ఆఖరి రోజు ఇరవై. ఇన్‌స్పెక్షన్ ఇరవై మూడున. ఇప్పటికి చేరినవాళ్ళు సగం కూడా లేరు.

అద్దం పగలగొడదామన్నాను. మంచి అద్దం అమ్మాయ్, ఇలాంటిది ఇప్పుడు రాదు అన్నాడు బాబాయి. మంచి అద్దమే, కాదనను. ముగిశాయి అన్న ముక్క అందులోంచి వీధంతా కనిపిస్తోంది.

జూన్ 6, శుక్రవారం

గేటుకి బట్ట బ్యానరు కట్టాను. మధ్యాహ్నానికి అంచు కుట్లు ఊడి చీలికలైంది. కుట్టు నేర్పే సెంటరు బ్యానరుకి కుట్లూడితే జనం నవ్వరా? నవ్వారు.

జూన్ 7, శనివారం

హార్డ్‌వేర్ షాపుకి నేనే వెళ్ళాను. బాబాయికి చెప్పలేదు. పర్సులో అయస్కాంతం పెట్టుకెళ్ళాను, క్లాసయ్యాక నేలమీద పడ్డ సూదులు ఏరేది.

షాపాయన బందులు తీసి కౌంటరు మీద పరిచి, స్టెయిన్‌లెస్ మేడమ్, మీ మనవలకి కూడా తుప్పు పట్టదు అన్నాడు. నాకు పెళ్ళే కాలేదు, అది పక్కన పెడదాం. నిజం స్టెయిన్‌లెస్ అయితే అంటదని విని, అయస్కాంతం దగ్గరికి చేర్చాను. బందు టక్కున అతుక్కుంది. ఆయన ఏమాత్రం తొణక్కుండా, మీ అయస్కాంతంలో ఏదో తేడా ఉంది మేడమ్ అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడున్నవాళ్ళందరికీ వినపడేలా నాలుగు మాటలు అనేసి వచ్చేశాను.

రెండో షాపులో అంటుకోలేదు. గొప్పగా కొనబోయాను. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో లోపలి గోడలకు మాత్రమే అని ఉంది. ఇంటికొచ్చి ఫోనులో చదివితే తెలిసింది, అయస్కాంతానికి అంటనంత మాత్రాన ఉప్పుగాలికి ఆగుతుందని ఏమీ లేదట. సముద్రం దగ్గర మెరైన్ గ్రేడ్ కావాలి, పడవలకి వేసేది. ఇంకో సంగతి. మా బోర్డుకున్నట్టు అల్యూమినియం ఫ్రేముకి వేరే లోహం స్క్రూ నేరుగా బిగిస్తే, తడి తగిలినప్పుడల్లా ఒకటి రెండోదాన్ని తినేస్తుందట. మధ్యలో నైలాన్ వాషర్ పెట్టాలి. కొన్ని కాపురాల్లో కూడా పెట్టాల్సిందే.

ఒక బోర్డు కోసం ఇంత చదువు చదవాల్సొచ్చింది. ఈ చదువు కొనేవాడు కదా చదవాల్సింది?

జూన్ 9, సోమవారం

పడవల సామాన్ల షాపులో దొరికాయి. బందులు, స్క్రూలు, నైలాన్ వాషర్లు, చెవి పెట్టే కంత మీద మూత పడే తాళం. తడి చొరకుండా తలుపు చుట్టూ అంటించే రబ్బరు బీడింగ్ కూడా తీసుకున్నాను. ఫ్రేము అడుగున నీళ్ళు కారిపోవడానికి కన్నాలు కొట్టించాలి, పైన చూరులా ఏటవాలు రేకు వేయించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. బోర్డు మొహం సముద్రం వైపు ఉంది. ఎంత మంచి సామాను వేసినా అలా చెంపలు వాయించుకుంటూ నిలబడితే ఎన్నాళ్ళాగుతుంది? దాన్ని బస్టాపు వైపుకి తిప్పాలి.

వెల్డర్ వచ్చి చూశాడు. ఈ స్క్రూలు ఊడేరకం కాదు, స్తంభాలు కోసి బోర్డు షాపుకి పట్టుకెళ్ళి, అన్నీ మార్చి, తిరిగి తెచ్చి నిలబెడతానన్నాడు. ఎప్పుడంటే రేపన్నాడు. వెల్డర్ చెప్పే రేపు ఏ క్యాలెండర్లోనూ ఉండదు.

జూన్ 10, మంగళవారం, సాయంత్రం

రాలేదు. ఇంక ఓపిక నశించి ఎదురుగా ఉన్న టీకొట్టు చూరుకింద నిలబడి ఫోను చేసి వాయించాను. అక్కడ వాన, ఇక్కడ వాన, ప్రతి ముక్కా రెండుసార్లు అరవాల్సొచ్చింది. ఇంక ఆగేది లేదు, ఈ రాత్రికే బోర్డు తిప్పేయాలి, జనం తిరగని టైములో వచ్చి గుట్టుగా పని కానిచ్చెయ్యండి, తెల్లారాక అయితే అందరూ అడ్డమొస్తారు అన్నాను. దెబ్బకి సరేనన్నాడు.

టీకొట్టు అత్త ఎందుకో నావంక జాలిగా చూసి, అడక్కుండానే టీలో ఇంకాస్త చక్కెర వేసింది. ఆవిడ మాకు చుట్టమేం కాదు, వీధి మొత్తానికీ అత్తే. మంచి మనిషి అనుకున్నాను.

జూన్ 11, బుధవారం

వెల్డర్ చెప్పినట్టే చేశాడు, జీవితంలో మొదటిసారి. గేటు పక్కన మోకాలెత్తు ఇనపమొద్దులు రెండు మిగిలాయి.

జూన్ 12, గురువారం, మధ్యాహ్నం

 ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే తల పగిలేలా ఉంది.

తొమ్మిదింటికి గేటు తీద్దామని వెళ్తే బయట జనం. కొత్తగా చేరినవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, ఒకావిడ మామగారు. పోయిన బ్యాచ్‌వాళ్ళు సర్టిఫికెట్లు వెంటనే ఇవ్వమంటున్నారు. ఈ బ్యాచ్‌వాళ్ళు కాగితాలు వెనక్కివ్వమంటున్నారు. ఏమైందని అడిగితే అందరూ ఆ రెండు మొద్దుల వైపు చూపించారు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పేశారటగా అన్నాడు మామగారు.

అప్పుడు వెలిగింది నాకు.

బోర్డు తిప్పేయడమంటే జనానికి ఒకటే అర్థం. దుకాణం మూసి, నమ్మినవాళ్ళ నెత్తిన టోపీ పెట్టి ఉడాయించడం. మేం ఉడాయించలేదు. తలుపులు తీసే ఉన్నాయి. లోపల మిషన్లున్నాయి, మిషన్ల ముందు పిన్ని ఉంది, మెడలో టేపుతో నిలబడి చూస్తోంది. కళ్ళకి కనిపిస్తున్న మనిషిని వదిలేసి కనిపించని బోర్డుని నమ్ముతారా? ఈ మాటే అడిగాను. ఒకాయన నాకు బుద్ధి చెప్తున్నట్టుగా, పోయేవాళ్ళెవరూ తలుపులు మూసి పోరమ్మా అన్నాడు.

ఈ రెండేళ్ళలో ఆ బోర్డులో ఎన్ని కాగితాలు పెట్టాను. సెలవులు, పరీక్ష తేదీలు, మిషన్ల దగ్గర జడలు ముడేసుకోండి అని. ఒక్కరు చదివిన పాపాన పోలేదు. అన్నీ నోటితో మళ్ళీ చెప్పాల్సిందే. అది లేని ఒక్కరోజున మాత్రం వీధి వీధంతా నిలబడి చదివింది.

కాగితాలు అడిగినవాళ్ళందరికీ పిన్ని మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. వద్దన్నాను. వాళ్ళవి వాళ్ళకివ్వకపోతే జనం అన్న మాట నిజమే అనుకుంటారు కదే అంది.

సాయంత్రం

టీకొట్టుకి వెళ్ళి అడిగేశాను. నిప్పు లేనిదే పొగొస్తుందా అంది అత్త. ఏ నిప్పు అన్నాను. నువ్వే కదమ్మా, గుట్టుగా తిప్పేయండి, జనం అడ్డమొస్తారు అని నా కొట్లోనే నిలబడి రెండేసి సార్లు అరిచావు అంది. పాపం పిల్ల ఉద్యోగం పోతోందని చక్కెర కూడా వేశాను అంది.

నేనన్న మాటే. కానీ నేనన్నది ఇనుము గురించి, ఆవిడ విన్నది మా పిన్ని గురించి. ఒక్కమాట నన్ను అడిగి ఉంటే పోయేది కదా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది. తప్పు నాది కాదు. కొంచెం నాదే అనుకుందాం. అసలు తప్పు బాబాయి కొన్న తాళానిది.

జూన్ 13, శుక్రవారం

 పిన్ని నన్ను తిడితే బావుండేది.

పొద్దున్నే ఒక మిషను వీధిలోకి పట్టించమంది. నేనూ బాబాయీ చెరోవైపు పట్టి మోశాం. సరిగ్గా ఆ రెండు మొద్దుల మధ్య వేయించుకుని, నెత్తిన పాత టార్పాలిన్ కట్టించుకుని కూర్చుంది. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చిరిగిన గొడుగులు, ఊడిన జిప్పులు కుట్టి పంపింది. మేం మూయలేదని ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆగి, ఏంటి మేడమ్, తిప్పేశారట కదా అన్నాడు. ఔనండి, ఇదిగో తిప్పుతూనే ఉన్నాను అని మిషను చక్రం చూపించింది పిన్ని. ఆయన పెద్దగా నవ్వి, తన గొడుగు కూడా తీసిచ్చాడు. ఆ మాట సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్ళింది. చెడ్డమాట అయితే మధ్యాహ్నానికే వెళ్ళేది.

అందరూ పిన్నిని మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం కడుపు మండిపోతోంది. ఈ వీధిలో సగం ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతున్నది ఆవిడ నేర్పిన కుట్టుతోనే. ఆవిడ ఉన్నానని చెప్పుకోవడానికి వానలో రోడ్డు మీద కూర్చోవాలా? తడిసిన పిన్ని పాదాలు తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కోపమొస్తే నాకు ఏడుపే వస్తుంది.

జూన్ 14, శనివారం

కాగితాలు పట్టుకుపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. ఒకావిడ గొడుగు కుట్టించుకోవడానికి వచ్చినట్టు వచ్చి, కాగితాలు కూడా ఇచ్చి వెళ్ళింది. మామగారింకా ఆలోచిస్తున్నారట.

జూన్ 16, సోమవారం

దేవుడా, ఈ మనిషితో ఎలా వేగేది.

వెల్డర్ షాపుకి వెళ్తే, బోర్డు ముస్తాబై ఉంది. బందులు చక్కగా ఉన్నాయి. బందులకి బిగించిన స్క్రూలు మామూలు ఇనపవి. నేనిచ్చినవి ఏవని అడిగితే, మీ బాబాయిగారు పట్టుకెళ్ళారండి, ఇవి ఇచ్చారండి అన్నాడు. బాబాయి వాటిని పడవల షాపులో వాపసిచ్చేశాడు. సెంటరుకొచ్చి నిలదీస్తే, బందు మంచిదైతే చాలు, స్క్రూ ఎవరికి కనిపిస్తుంది అన్నాడు. పైగా, ఎంత కలిసొచ్చిందో తెలుసా అని నన్నే అడిగాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదు. అందుకని చెప్పడం మానేసి, క్లాసులో ఉన్న పిన్నికి వినిపించేంత గొంతుతో, చొక్కా బట్ట మంచిదైతే చాలు, దారం ఏదైతేనేం అని మీ ఆవిడ దగ్గర అనండి చూద్దాం అన్నాను. లోపల మిషను ఆగింది. పిన్ని గుమ్మంలోకి వచ్చి, కళ్ళజోడు మీదుగా బాబాయిని చూసింది.  బాబాయి గొడుగు కూడా తీసుకోకుండా పడవల షాపుకి వెళ్ళాడు.

జూన్ 17, మంగళవారం

బోర్డు నిలబడింది. బస్టాపు వైపు తిరిగి.

బకెట్టు నీళ్ళు తెచ్చి దాని మొహాన కొట్టాను. వెల్డర్ భయపడ్డాడు. ఇంకో బకెట్టు కొట్టాను. నీళ్ళు చూరు మీంచి జారి, మిగిలినవి అడుగు కన్నాల్లోంచి కారిపోయాయి. లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాను. పొడి. మూత జరిపి చెవి తిప్పితే తాళం మెత్తగా తిరిగింది. ఎంత ముచ్చటేసిందో, ఊరికే మూడుసార్లు వేసి తీశాను. అడ్మిషన్లు జరుగుతున్నాయి అని పెద్ద అక్షరాలతో రాసి లోపల పెట్టాను.

ఇది మొదటే చేసి ఉంటే ఈ గొడవంతా ఉండేదా? ఉండేది కాదు. ఈ మాట బాబాయితో అనాలని మూడుపూటల్నుంచీ నాలుక దురద పెడుతోంది. స్క్రూలు ఆయనే బిగించాడు, వానలో, స్టూలెక్కి. అందుకని అనలేదు.

జూన్ 19, గురువారం

టీకొట్టు అత్త తన కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చేర్పించింది. తప్పయిందని అనలేదు. ఈ పిల్లకి టీ పెట్టడం కూడా సరిగా రాదు, కుట్టన్నా నేర్పండి అంది. ఆ పిల్ల పెట్టిన టీ నేను తాగాను, అత్త టీ కన్నా బావుంటుంది.

ఇంకా ఇద్దరు తక్కువ.

జూన్ 20, శుక్రవారం, మధ్యాహ్నం

మామగారు కోడల్ని పంపించారు. ఇరవై తొమ్మిది. ఒక్కరు.

సాయంత్రం

ఎవరూ రాలేదు. మూడు గంటల నుంచి బోర్డు పక్కన నిలబడ్డాను. బస్సు ఆగినప్పుడల్లా దిగినవాళ్ళ మొహాల్లోకి చూశాను. కొందరు నన్ను చూసి రోడ్డు దాటి నడిచారు.

లోపలికి వచ్చేసరికి బాబాయి చెప్తున్నాడు, ఆ ఒక్కరోజుకి మా చెల్లెల్ని కూర్చోబెడదాం, ఇన్‌స్పెక్టరు ఏమన్నా మొహాలు గుర్తుపెట్టుకుంటాడా అని. పిన్ని కత్తెర కింద పెట్టింది. ఒక్క దొంగపేరు రాసినా మనం నిజంగానే తిప్పేసినట్టు, వీధిలో వాళ్ళు అన్నదే ఖాయమవుతుంది అంది. పోతే పోనీ అంది.  అప్పటిదాకా కత్తిరిస్తున్న బట్టని మడతపెట్టేసింది.

స్టాఫ్‌లో ఉన్నవాళ్ళు విద్యార్థులుగా చేరకూడదు. రూలు నాకూ తెలుసు. కుట్టంటే నాకు గిట్టదు. చిన్నప్పుడు ఒక లంగా అంచు పిన్ని నాచేత విప్పించి కుట్టించి, విప్పించి కుట్టించి, సూది మొహం చూడనని ఒట్టు పెట్టుకునేలా చేసింది. ఒక గుండీ ఊడితే నేను చొక్కా మార్చేస్తాను కానీ గుండీ కుట్టను.

రాజీనామా రాసిచ్చాను. పిన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది. ఆర్నెల్లే, జీతం ఉండదే అంది. తెలుసన్నాను. క్లాసులో నేను పిన్నిని కాను, మేడమ్‌ని, తొమ్మిది దాటితే బయట నిలబెడతాను అంది. అదీ తెలుసన్నాను. రిజిస్టర్లో నా పేరు రాస్తూ తలెత్తలేదు. అక్షరాలు మాత్రం వంకరపోయాయి.

స్టోర్స్ తాళాలు బాబాయికి అప్పజెప్పాలి. అన్నీ. బోర్డు తాళంచెవి కూడా. పదిహేను రోజులు ఎవరితో అయితే పోట్లాడానో ఆయన చేతిలోనే పెట్టాలి. దాన్ని ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని జేబు తడుముకున్నాడు. తర్వాత, ఇంటి పిల్లవి కదా, ఫీజులో డిస్కౌంట్ ఇప్పిస్తానులే అన్నాడు.

వద్దన్నాను. పూర్తి ఫీజు కడతాను.

జూన్ 23, సోమవారం

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్ఫై. వరసల మధ్య నడుస్తూ వచ్చి నా దగ్గరే ఆగాడు. సూదిలో దారం ఎక్కించమన్నాడు. ఎక్కలేదు. దారం తడిపాను, ఎక్కలేదు. టీకొట్టు కోడలు పక్కనుంచి గుసగుసగా, కొస కత్తిరించండక్కా అంది. కత్తిరించాను. ఎక్కింది. ఎప్పుడు చేరారు అని అడిగాడు. శుక్రవారం అన్నాను. కనిపిస్తోంది అన్నాడు.

సంతకం పెట్టాడు. గుర్తింపు ఉంది. పిన్ని ఆ కాగితం అందుకుని కళ్ళకద్దుకుంది.

వెళ్తూ వెళ్తూ ఆయన బోర్డు పక్కనుంచే నడిచాడు. మెరైన్ గ్రేడ్ బందులు, నైలాన్ వాషర్లు, రబ్బరు బీడింగ్, మూతున్న తాళం. కనీసం తల తిప్పి చూడలేదు ఆ మనిషి.

జూన్ 24, మంగళవారం

రాత్రి గట్టి వాన. బోర్డులో చెమ్మ చేరిందేమోనని చూస్తూ నిలబడ్డాను. చేరలేదు. క్లాసుకి ఆలస్యమైంది. మేడమ్ బయటికి పంపింది.

గేటు దగ్గర నిలబడి ఉంటే ఎవరో ఆవిడ ఆగి, ఇది మూసేశారట కదా, నిజమేనా అంది. లేదండి, లోపల క్లాసు జరుగుతోంది, నన్నే బయట పెట్టారు అన్నాను.